నీ క్యూకు కొత్త టిప్పు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ స్నూకర్ క్యూ కొసన తోలు టిప్పు అరిగిపోతే, నిన్న నేనే మార్చాను. మంచిర్యాలలో ఇస్తే వేసిస్తారు కానీ, నీ కర్ర మీద ఇంకొకరి చెయ్యి పడటం నాకు ఇష్టం లేకపోయింది.

పాత టిప్పు కోసేసి, గమ్ పూసి, కొత్తది అంటించాను. ఆరాక నీలాగే క్యూను నిలువుగా పట్టుకుని గచ్చు మీద తట్టాను. బొగ్గుబాయిలో పైకప్పును కర్రతో తట్టి, డొల్ల చప్పుడు వస్తే దాని కిందికి ఎవరినీ పోనిచ్చేవాడివి కాదు. ఇంట్లో టిప్పుకూ అదే పరీక్ష పెట్టేవాడివి.

వంటింట్లోంచి అవ్వ అరిచింది. "అది పట్టలే బిడ్డా! డొల్ల పల్కుతాంది. మీ బాపైతే గుంజి పారేస్తుండె."

గుంజేశాను. క్యూ కొసకు తొడిగిన ఇత్తడి పొన్ను మీద పాత గమ్ పొర అట్లాగే ఉంది, గీకడం మరిచిపోయాను. ఈసారి గరుకు కాగితంతో పొన్ను మెరిసేదాకా రుద్ది, ఇంకో టిప్పు అంటించి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాను. పొద్దున మళ్ళీ తట్టాను. ఈసారి గట్టిగా పలికింది. అవ్వ ఉల్లిగడ్డ కోస్తూనే ఉంది.

సాయంత్రం క్లబ్బులో పోటీ. నీతో రోజూ ఆడిన కాకా నా మొదటి దెబ్బ చప్పుడు విని దగ్గరికొచ్చాడు.

"గీ టిప్పు ఎవలేసిండ్రు బిడ్డా?"

"నేనే ఏసిన కాకా" అన్నాను, అందరికీ వినపడేలా.

నువ్వుంటే గెలిచావా అని అడగవు, టిప్పు నిలిచిందా అని అడుగుతావు.

నిలిచింది బాపూ. గెలిచాను కూడా.