హార్‌గ్రోవ్ దొరసానికి శాలువా

క్యారీ, 4 మార్చి 1983

ఆమోసు అంకుల్‌కి వందనాలు.

ఎడిసన్‌లో మన తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్దలు మీరే కాబట్టి రాస్తున్నాను. ఎడిత్ హార్‌గ్రోవ్ అనే ఇంగ్లీషు కవయిత్రి మీద థీసిస్ చేస్తున్నాను. విక్టోరియా రాణి కాలంలో ఆవిడ పద్యం లేని ఇల్లు లేదు. ‘ముద్ద ముట్టకముందు పొరుగు గుమ్మం చూడు’ అన్న అర్థం వచ్చే పాదం టీ డబ్బాల మీద కూడా అచ్చేశారు. వచ్చిన డబ్బుతో మన కోస్తాలో ఆడపిల్లల బోర్డింగులు నడిపించారు. ఇప్పుడావిడని తలిచేవాళ్లే లేరని మా ప్రొఫెసర్ అంటున్నారు. ఈ నెలలో ఒక్కరైనా దొరక్కపోతే టాపిక్ మార్చాలట. నా రెండేళ్ల పని గంగపాలు. ఆదివారం ఎవరికైనా తెలుసేమో అడగరూ?

మీ ప్రేమజ్యోతి

ఎడిసన్, 9 మార్చి

చిరంజీవి ప్రేమజ్యోతికి ప్రభువు నామమున ఆశీస్సులు.

హార్‌గ్రోవ్ దొరసాని మన చర్చికి వస్తున్నందుకు సంతోషం. శాలువా కొన్నాం. ప్రేమానందం ఎయిర్‌పోర్ట్‌కి వ్యాన్ తెస్తాడు.

ఆమోసు

తా.క. ఆవిడ కారం తింటారా?

క్యారీ, 12 మార్చి

అంకుల్‌కి నమస్కారాలు.

ఆవిడ రారు. ఆవిడ చనిపోయారు, 1889లో. దయచేసి నా మొదటి ఉత్తరం మళ్లీ చదవండి, ఈసారి చివరిదాకా.

ప్రేమజ్యోతి

తా.క. శాలువా వాపసిచ్చేయండి.

ఎడిసన్, 16 మార్చి

తల్లీ, ధైర్యం తెచ్చుకో.

‘చనిపోయారు’ అన్న మాట దగ్గరే మనసు పాడై, ఉత్తరం మడిచేశాను. ఈ ఆదివారం ఆవిడ సంస్మరణకి ఆదరణ కూడిక పెట్టాం. భోజనాలున్నాయి. ఆవిడతో తనకున్న అనుబంధం గురించి ప్రేమానందం సాక్ష్యం చెబుతాడు. ఫోటో పంపు.

దుఃఖంలో పాలుపంచుకునే
ఆమోసు

తా.క. శాలువా ఫోటోకి కప్పుదాం.

క్యారీ, 18 మార్చి

అంకుల్,

ఆవిడ పోయి తొంభై నాలుగేళ్లు. ప్రేమానందం అంకుల్‌కి నలభై కూడా లేవు. ఏం అనుబంధం? ఫోటో పంపుతున్నది ఎవరైనా గుర్తుపడతారేమోనని, దండ వెయ్యడానికి కాదు. నాకు ఏడుపొస్తోంది.

ప్రేమజ్యోతి

ఎడిసన్, 21 మార్చి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చేసరికి కోడికి మసాలా పట్టించేశారు, ఇంకేం ఆపుతాం? అంతా బాగా జరిగింది, మా అత్తగారు నవోమమ్మ చేసిన గోల తప్ప. ఫోటో చూడగానే లేచి, “ఈవిడ మా గంజి దొరసాని గదా, బోర్డింగులో మా అన్నాల గదిలో ఈ పటమే ఉండేది” అంది. రోజూ గంజి పోసేముందు పాడించేవారట. ‘ముద్ద ముట్టకముందు పొరుగు గుమ్మం చూడవే’ అని అందుకుంటే, వెనక వరసలో ముసలమ్మలు ముగ్గురూ గొంతు కలిపారు. చరణాలు అయ్యేసరికి కూర చల్లారింది. ప్రేమానందం తన వంతు రాక అలిగాడు.

ఆమోసు

తా.క. ఆ గోలంతా మా అమ్మాయి మీనా కాసెట్ మీదకెక్కించింది. నీకేం పనికొస్తుందిలే. దాని మీద ఈస్టర్ పాటలు రికార్డ్ చేస్తాం.

క్యారీ, 24 మార్చి

అంకుల్,

కాసెట్ ముట్టుకోవద్దని మీనాకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. ఈ ఉత్తరం పోస్ట్ చెయ్యను. బస్సులో వచ్చి మీ చేతికే ఇస్తాను. నా ఎదురుగా ఆఖరిదాకా చదవాలి. తర్వాత నన్ను నవోమమ్మగారి దగ్గర కూర్చోబెట్టండి.

ప్రేమజ్యోతి

తా.క. శాలువా ఉంచండి, నవోమమ్మగారికి కప్పుదాం. ఇంకోటి, దొరసాని చనిపోయారని రాశాను కదా. అది నా పొరపాటు.