ఎడమ వింగ్‌ల నీ కుర్చీ

శంకరన్నా,

నువ్వు పోయి నిన్నటికి యాడాది. నాంపల్లిల మళ్లా మన నాటకం ఆడినం. నీ జాగల డైలాగులు అందిచ్చెటందుకు కొత్త ప్రాంప్టర్‌ను పెడ్తమంటే నేనే వద్దన్న. స్టేజీ పక్కన, ఎడమ వింగ్‌ల నీ కుర్చీ ఖాళీగనే వేయించిన.

నడుమ డైలాగ్ మర్చిపోయి, అలవాటుగ నీ దిక్కు చూసిన. హాల్ల సప్పుడు లేదు. గప్పుడే నీ దగ్గు వినొచ్చింది. ఎన్కనే మెల్లగ నా డైలాగ్. గది అందుకొని చెప్పిన.

అందిచ్చింది ముందు వరుసల కూసున్న యాదయ్య. అబిడ్స్‌ల మన రిహార్సల్ గదికి రోజూ చాయ్ తెస్తడు గదా, ఆయన.

ఆట అయినంక అడిగిన, గా దగ్గు ఏందని.

"దగ్గు గూడ నాటకంలదే గదా అక్కా. శంకరన్న ఎన్నడూ దగ్గకుంట డైలాగ్ అందియ్యలే."

ఔ, నాటకంలదే అని నేనన్న.