నడి ఏటి రాళ్ళ కింద

ప్రియమైన నవోమీ,

క్షేమంగా చేరాను. ఈ కొండల్లో ఫోన్ అందదు, వారానికోసారి టౌనుకెళ్ళే జీపులో ఉత్తరం పంపుతున్నాను. క్యాంపు నడిపేది మన గూడూరు సంజీవరావు గారే కాబట్టి వంటపనిలో ఇబ్బంది లేదు. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా ట్రౌట్ చేపల కోసం వస్తారు. ఎర గుచ్చరు. చేప ఏ పురుగు తింటోందో చూసి, గాలానికి దారం, ఈకలు చుట్టి అచ్చం అలాంటిదే కడతారు. ఏటి రాళ్ళు తిరగేసి పురుగుల్ని తెచ్చే పని కూడా నాదే. ఒడ్డున ఉన్నవే తెస్తున్నాను. సముద్రంలో పడవ తిరగబడి లాజరస్ అన్న పోయాక మోకాలి లోతు నీళ్ళల్లోకి కూడా దిగలేనని నీకు తెలుసు. పురుగులన్నీ నాకు ఒకేలా ఉన్నాయి. హేచరీలో రోజంతా రొయ్యపిల్లల్ని లెన్సులో చూసేదానివి, నువ్వే చెప్పాలి.

నీ రాజ్ కుమార్

ప్రియమైన బావకి,

లెన్సు పంపుతున్నాను. ట్రౌట్ ఇష్టంగా తినేది మేఫ్లై అనే ఏటి ఈగ పిల్లపురుగునట. దానికి ఎక్కువగా మూడు తోకలుంటాయట. పొట్టకు రెండు పక్కలా ఆకుల్లాంటి మొప్పలు, కాలి చివర ఒకటే గోరు. మైపాడులో వేట బాగుంది. నువ్వెప్పుడొస్తావని అందరూ అడుగుతున్నారు. అత్త మాత్రం, కన్నతల్లై ఉండీ, నీ పేరెత్తదు. పెద్దబావ పోయిన దగ్గర్నుంచీ అంతేగా. నువ్వు వచ్చేస్తే మారుతుందేమో.

నీ నవోమి

ప్రియమైన నవోమీ,

కొన్నాళ్ళుగా ఎవరికీ సరిగ్గా చేపలు పడడం లేదు. వచ్చినవాళ్ళు విసుక్కుని వెళ్ళిపోతున్నారు. నిన్న కూరకిచ్చిన ఒకే ఒక్క చేపను కోస్తే పొట్ట నిండా చదునైన పురుగులు. తోకలు రెండే. మేఫ్లై కాదని పారేయబోయి, లెన్సు పెడితే పొట్ట పక్కన మొప్పలున్నాయి! నలిగిపోయి రంగు తెలియడం లేదు. ఒడ్డున అలాంటివి ఒక్కటీ లేవు. ఏది నమ్మను?

రాజ్ కుమార్

ప్రియమైన బావకి,

మొప్పల్నే నమ్ము. రెండు తోకల మేఫ్లైలు కూడా ఉన్నాయి. ఒళ్ళు చదునుగా ఉందంటే, ఉరవడిలో రాయిని కరుచుకుని బతికేదన్నమాట. అది నడి ఏట్లోనే దొరుకుతుంది. నిన్ను దిగమనను బావా. వేరే ఎవరినైనా పంపమని చెప్పు, సిగ్గుపడకు.

నీ నవోమి

ప్రియమైన నవోమీ,

దిగాను. సంజీవరావు గారు నా నడుముకు తాడు కట్టి, "నేను పట్టుకోనుండాను గదబ్బయా, పో" అన్నారు. నీళ్ళు నడుం దాకా రాగానే అన్న కేక వినబడినట్టయింది. అక్కడే నిలబడి ఏడ్చాను. లాగెయ్యమంటే లాగేసేవారే. నేను అడగలేదు. వంగి రాయి ఎత్తాను. పాచి రంగు పురుగు, రెండు తోకలు, రాయిని వదలకుండా అంటుకుని ఉంది. ఆ రంగు దారంతోనే గాలం కట్టారు. సాయంత్రానికి చేపలు పడ్డాయి, పట్టడమే వీళ్ళ సరదా కాబట్టి మళ్ళీ ఏట్లోనే వదిలేశారు. ఇకనుంచి నాకు వంటపని లేదు, ఏట్లోనే పని. కానీ అన్నను మింగిన సముద్రం దగ్గరికి తిరిగి రాలేను నవోమీ. నీకు ఎలా చెప్పాలో తెలియలేదు.

నీ రాజ్ కుమార్

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం అత్తకు చదివి వినిపించాను. నువ్వు ఏట్లోకి దిగిన చోట నా చెయ్యి పట్టుకుని ఆపింది. నీ మీద కోపమనుకున్నాం ఇన్నాళ్ళూ. "వాడు గూడా పోతాడేమోనని బయ్యం మే, పేరు తల్చుకున్నా బయ్యమే" అని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఆ నీళ్ళు సల్లగా ఉంటయ్యా? వాడికి స్వెట్టరుందా?" అంది.

నిన్ను రమ్మని ఇక అడగను. హేచరీలో మానేస్తానని చెప్పేశాను. సోమవారం గూడూరులో రైలెక్కుతున్నాం, అత్తా నేనూ. దారి పొడవునా తినడానికి వద్దన్నా వినకుండా ఆమె ఎండుచేపలు వేయించి మూట కడుతోంది. జీపు ఆగే చోట ఉండు.

నీ నవోమి