ఓడిపోయిన రాజు

అమ్మా,

జ్వరం తగ్గింది, కంగారుపడకు. ఇప్పుడు ఒళ్లు మండుతున్నది కోపంతో. చరిత్ర క్లాసులో ఒక్కొక్కరం ఒక్కో రాజులా మాట్లాడాలన్నారు. నేను లైబ్రరీలో పుస్తకాలన్నీ తిరగేసి, నా రాజు ఓడి పారిపోయాడని తెలుసుకుని, "భయమేసి పారిపోయాను" అని ఉన్నదున్నట్టు చెప్పాను.

"రాజులెక్కడైనా పారిపోతారా? కూర్చో!" అని టీచరు కసిరింది.

తర్వాత ఒకే యుద్ధంలో తలపడ్డ ఇద్దరు రాజులుగా ఇద్దరు లేచారు. ఇద్దరూ గెలిచామన్నారు. ఇద్దరికీ చప్పట్లే! "మరి ఓడిందెవరండీ?" అన్నందుకు నన్ను గుమ్మం బయట నిలబెట్టింది.

మందపాటి దుప్పటి పంపు. నాన్న దగ్గు తగ్గిందా? బామ్మకు నా దండాలు. చెల్లి లెక్కల పరీక్ష తప్పానని తనంతట తనే చెప్పిందటగా, దాన్నేమీ అనకు. ఆపాటి ధైర్యమున్న రాజు మా క్లాసులో ఒక్కడూ లేడు.

నీ పెద్దది