అవ్వ చీర, అంగారకుడి నవల

ధర్మవరం

పల్లవీ,

మన సెమినార్ వ్యాసంలో నువ్వు చేర్చిన పేరా చదివి తల పట్టుకున్నాను. అంగారకుడి మీద ఊరు కట్టే ఆ పాత నవల, నువ్వు చూసిన వెబ్ సిరీస్‌ను కాపీ కొట్టిందా? నవల అచ్చయ్యేనాటికి మన ఊళ్లలో టీవీలే లేవు. సిరీస్ తీసినవాళ్లే నవల నుంచి స్ఫూర్తి పొందారు. ‘స్ఫూర్తి’ అనే ఇంత మంచి మాట ఉండగా ‘కాపీ’ ఎందుకు?

మొన్న తన పెండ్లి చీర తీసుకోవడానికి మా మగ్గం దగ్గరికి వచ్చిన పెండ్లికూతురూ నీలాగే మాట్లాడింది. అవ్వ కట్టుకున్న తన పాత పెండ్లి చీర చూసి, "ఏమవ్వా, నా చీర అంచు నువ్వు అప్పుడే నేయించుకున్నావే" అంది. నిజానికి నాయన ఆ పిల్ల చీర అంచును అవ్వ చీర చూసే నేశాడు.

"మీ యమ్మ పుట్టకముందుది లేమ్మా ఇది" అని అవ్వ నవ్వింది. నాకు నవ్వు రావడం లేదు. సోమవారం హిందూపురంలో అందరి ముందు చదవాల్సింది నేను. ఆ పేరా మార్చు. మార్చకపోతే, అది వచ్చినప్పుడు నేను కూర్చుంటాను, నువ్వు లేచి చదువు.

ఇప్పటికింకా
నీ స్నేహితురాలు