పన్నెండో గదిలో మర్చిపోయిన టోపీ

లాడ్జి మేనేజరు గారికి నమస్కారాలు.

నేను పోయిన వారం మీ పన్నెండో నంబరు గదిలో మూడు రోజులు దిగిన నర్సును. కిటికీ తలుపు బిగుసుకుపోయిందని రెండుసార్లు కిందికి దిగి వచ్చాను. అలా గుర్తుండే ఉంటాను.

మీ ఊరు వచ్చింది కేవలం బట్టలు చూడటానికి. ముప్ఫై ఒక్క ఏళ్లు తెల్ల యూనిఫారంలో గడిపినదాన్ని. పత్రికల్లో ఫ్యాషన్ బొమ్మలు కత్తిరించి దాచుకోవడమే తప్ప నా ఒంటి మీదికి వచ్చిన సోకు ఒక్కటీ లేదు. మొదటి రోజంతా మీ పెద్ద బజారులో తెరిచిన నోరు మూయకుండా తిరిగాను. ఒక కొట్టు అద్దం వెనక ఆకుపచ్చ కోటు చూసి దారికి అడ్డంగా నిలబడిపోతే, వెనకవాళ్లు తిట్టారట. ఆ కోటు కుట్టిన చేతులు ఎలాంటివో అనుకుంటూ ఉన్నాను, తిట్లు వినపడలేదు. ఇంకో కొట్టులో బొత్తాలు తప్ప ఏమీ అమ్మరు. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, మా మందుల బీరువాకు కూడా అన్ని లేవు. ముత్యపుచిప్ప బొత్తాలు ఆరు కొన్నాను. వాటికి తగిన జాకెట్టు ఇంకా పుట్టలేదు.

రెండో రోజు పాతసామాన్ల సందులో ఆ టోపీ కనపడింది. తేనెరంగు పట్టు, చుట్టూ సన్నటి కుచ్చిళ్లు, అంచున పూసల జాలరు. "తలకు బాగుంటుందా?" అని అడిగితే కొట్టావిడ "ఎక్కడ పెట్టినా బాగుంటుందమ్మా" అంది. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే నన్ను నేనే 'మీరు' అని పిలవాలనిపించింది.

దాన్ని మీ గదిలోనే మర్చిపోయాను. ఈ నెలాఖరు శుక్రవారం నా పదవీ విరమణ సభ. అది లేకుండా వెళ్లలేను. దయచేసి వెతికించండి.

ఎదురుచూస్తూ,
పన్నెండో గది నర్సు

తా.క. టోపీ కాస్త పెద్దది. గుమ్మంలోంచి పక్కకు తిరిగి రావాల్సి వస్తుంది.

---

గౌరవనీయులైన నర్సమ్మ గారికి మేనేజరు రాయునది.

గది నేనే స్వయంగా వెతికాను. మంచం కింద ఒక మగవారి మేజోడు దొరికింది. మీది కాదని నమ్ముతున్నాను. తర్వాత లాడ్జిలో ఉన్న టోపీలన్నీ తెప్పించి చూడగా పెద్దది, కుచ్చిళ్లు ఉన్నది ఒక్కటే తేలింది. పార్సిల్ చేశాను. తెల్లగా ఉంది గానీ, ఉతుకులో తేనెరంగు పోయి ఉంటుందని మా అంచనా.

ఇంకో సంగతి. ఆ బొత్తాల కొట్టు ముందు నుంచి పంతొమ్మిదేళ్లుగా నడుస్తున్నాను, లోపల కాలు పెట్టలేదు. మీ ఉత్తరం చదివి నిన్న వెళ్లాను. గంటసేపు సొరుగులన్నీ తీయించి ఒకే ఒక్క బొత్తాం కొనుక్కుని వచ్చాను. ఇప్పుడు బల్ల మీద పెట్టుకుని చూస్తూ రాస్తున్నాను.

భవదీయుడు,
మేనేజరు

తా.క. పార్సిల్ వెళ్లినప్పటి నుంచి మా వంటాయన తలకు తువ్వాలు చుట్టుకుని తిరుగుతున్నాడు. ఎందుకని అడిగితే నాతో మాట్లాడటం లేదు.

---

మేనేజరు గారికి,

మీరు పంపింది వంటాయన టోపీ. ఉల్లిపాయ వాసనను బట్టి గుర్తుపట్టాను. ఉతికి, గంజిపెట్టి తిప్పి పంపుతున్నాను. ఆయనకు నా తరఫున క్షమాపణలు చెప్పండి.

నా టోపీని మీ లాడ్జిలో ఎవరో పెట్టుకుని ఊరేగుతున్నారని నాకు గట్టి అనుమానం. ఆనవాలు రాస్తున్నాను, ఒక్కొక్కరి తలా తీయించి చూడండి. లోపల మధ్యలో ఇత్తడి రింగు ఉంటుంది. దాన్నుంచి అంచుకు మూడు కడ్డీలు. కొప్పు ఆ రింగులో దూర్చుకుంటే టోపీ గాలికి కూడా కదలదు. అంత తెలివైన ఏర్పాటు ఏ టోపీలోనూ చూడలేదు. చేసినవాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

తొందరలో,
నర్సు

తా.క. 'తలా తీయించి' అని రాశాను. టోపీ తీయిస్తే చాలు.

---

నర్సమ్మ గారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. టోపీ దొరికింది. ఎవరూ పెట్టుకుని ఊరేగలేదు. పన్నెండో గదిలోనే, బల్ల మీది దీపానికి ఉంది. మీరు వెళ్లిన రోజు గదులు సర్దే ఆవిడ దాన్ని మంచం మీద చూసి, ఊడి పడిందనుకుని దీపానికి బిగించిందట. రింగు అతికినట్టు సరిపోయింది.

అమ్మా, అది లాంపు షేడు.

మీ మనసు నొప్పించాలని కాదు. నిజానికి దీపం వెలిగించుకుని ఆ గదిలో కాసేపు కూర్చున్నాను. గోడలు, దుప్పటి, ఆఖరికి నా చేతులు కూడా తేనెరంగులో ఉన్నాయి. నా లాడ్జిలో అంత అందం ఉంటుందని నాకే తెలియదు. జాగ్రత్తగా కట్టి పంపుతున్నాను. ఏం చేసుకుంటారో మీ ఇష్టం.

విచారంతో,
మేనేజరు

తా.క. మీ తర్వాత ఆ గదిలో దిగినాయన ఆ వెలుగు చూసి ఇంకో వారం ఉంటానన్నాడు. షేడు విప్పిన పది నిమిషాలకు ఖాళీ చేశాడు.

---

మేనేజరు గారికి,

మీ పార్సిల్ గురువారం అందింది. ఉత్తరం చదివాక చెవులు వేడెక్కిపోయాయి. షేడు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి, మళ్లీ తలకు పెట్టుకుని అద్దంలో చూశాను. అద్దంలో మనిషి అప్పటి మనిషే. పేరు తెలిసినంత మాత్రాన ఏమీ తగ్గలేదు.

శుక్రవారం పక్కకు తిరిగి హాల్లోకి వెళ్లాను. మా పెద్ద నర్సు లేచి వచ్చింది. ఆవిడ నోట మెచ్చుకోలు నేనెన్నడూ వినలేదు. నా చుట్టూ ఒకసారి తిరిగి, "ఎక్కడ కొన్నావే ఇది?" అంది.

అబద్ధం ఆడవచ్చు. నోరు రాలేదు. "లాంపు షేడండీ" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "కరెంటు పోయినప్పుడల్లా వార్డంతా దీపం చేత్తో పట్టుకుని తిరిగావు. ఇవాళ నెత్తిన పెట్టుకున్నావు. అంతేగా" అంది.

ఏడవకూడదనుకున్నాను. పూసలు గలగలలాడి పట్టిచ్చేశాయి.

ఇంకో మాట. వచ్చే నెల మేం ఎనిమిది మందిమి మీ ఊరు వస్తున్నాం. పెద్ద నర్సు కూడా. గదులు అట్టిపెట్టండి.

కృతజ్ఞతలతో,
మాజీ నర్సు

తా.క. మీ మెట్ల దగ్గర దీపానికి ఎర్ర షేడు ఉంది కదా, దాన్ని ఎవరికీ ఇవ్వకండి. పెద్ద నర్సు తల కొలత ఇందులో జతచేశాను.