బటన్ నొక్కితే వయొలిన్

21 ఆగస్టు 2004, శనివారం

పొద్దున్నుంచి ముసురు. గనిలో ఫస్ట్ షిఫ్టు చేసి, తడి బట్టలతోనే రిహార్సల్‌కు వెళ్లాను. మా ఆర్కెస్ట్రాను పుట్టించిన యాకూబ్ మామ వయొలిన్ తీగలు బిగిస్తున్నాడు. పాటలు పాడే శ్రీను తన కొత్త కీబోర్డు మీద ఒక బటన్ నొక్కితే అందులోనూ వయొలిన్ మోగింది.

"ఇగ నువ్వు తిప్పలు పడకు మామా. చవితి ప్రోగ్రాములు మేం జూసుకుంటం. ఆ అమెరికా రాక్ బ్యాండ్ల ముప్పై ఏండ్లల్ల ఎంతమంది మారిండ్రు? పేరైతే నడుస్తనే ఉంది."

"నీ డబ్బాకు జరమొస్తే ఎవర్ని పిలుస్తవ్‌రా?"

"రిపేరోణ్ని."

అందరూ నవ్వారు.

ఆ బ్యాండ్ చరిత్ర నెట్ సెంటర్లో చదివి శ్రీనుకు చెప్పింది నేనే. వాళ్ల వయొలిన్ ఆయన వెళ్లిపోయి, పదిహేనేళ్ల తర్వాత మళ్లీ వచ్చి వాయించాడని కూడా చెప్పాను. ఆ ముక్క మాత్రం వీడికి గుర్తులేదు. వాళ్ల పది నిమిషాల పాటను నా క్యాసెట్ వింటూ మాకందరికీ సాధన చేయించింది మామే. వాయించడం నేర్పినవాణ్నే వద్దనడానికి ఆ చరిత్రే దొరికిందా? నాకు ఒళ్లు మండింది. అయినా నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదో...

మామ అయిదున్నర బస్సుకు తన ఊరు ఏన్కూరు వెళ్లిపోయాడు. నేను మాత్రం రిహార్సల్ అయ్యేదాకా వాళ్లతోనే ఉండి, ఏడింటికి లేచి వచ్చాను.